కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే: పిడుదుల మీద పాఠకుల ప్రశ్నలు

పిడుదుల గురించి వచ్చిన ప్రశ్నల్ని ఈసారి ఒక్కచోట చేర్చాం. వీటినే కొందరు గోమార్లంటారు. జంతువుల ప్రశ్నలకు పశువైద్యులు, మనుషుల ప్రశ్నలకు ఫిజీషియన్ జవాబులిచ్చారు. ఒకే రకం ప్రశ్నలు చాలా ఉంటే కలిపేశాం.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. తల దువ్వుతుంటే చెవి వెనక పిడుదు కరుచుకుని కనిపించింది. వేళ్లతో లాగితే రాలేదు. మా అత్తగారు కిరోసిన్ రాయమంటున్నారు, పక్కింటావిడ అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి తాకించమంటోంది. వాజిలైన్ పూస్తే ఊపిరాడక అదే వదిలేస్తుందని ఇంకెవరో అన్నారు. ఏది మంచిది డాక్టరు గారూ?

మూడూ వద్దండీ. పిడుదు దోమలా కుట్టి ఎగిరిపోయేది కాదు. చర్మాన్ని కోసి, వెనక్కి వంగిన సన్నటి ముళ్లున్న మూతిని లోపలికి దించుతుంది. చాలా రకాలు ఆ మూతి చుట్టూ జిగురులాంటి పదార్థాన్ని వదిలి గట్టిపరుచుకుంటాయి కూడా. మీరు లాగినప్పుడు చర్మమే గుడారంలా పైకి లేచింది గాని అది రాకపోవడానికి కారణం ఇదే. వాజిలైన్ పూసి ఊపిరాడకుండా చేద్దామంటే కుదరదు. పిడుదు గంటకు కొన్నిసార్లే గాలి పీలుస్తుంది. అది చచ్చేలోపు మీ బాబు ఒంట్లోకి చేరాల్సిన క్రిములు చేరిపోతాయి. నిప్పు, కిరోసిన్, నెయిల్ పాలిష్ తగిలితే అది ఇబ్బంది పడి లాలాజలాన్ని, పొట్టలోని ద్రవాన్ని పుండులోకే కక్కే ప్రమాదం ఉంది. రోగక్రిములు ఉండేది వాటిలోనే. పైగా చెవి పక్కన నిప్పు, కిరోసిన్ అంటే పిల్లాడి చర్మం కాలుతుంది.

కావలసింది సన్నమొన ఉన్న ప్లక్కర్ ఒక్కటే. కనుబొమలకు వాడే వెడల్పు మొనది కాకుండా సూదిలా ఉన్నది చూసుకోండి. వెడల్పు మొన పిడుదు పొట్టను పట్టి నొక్కేస్తుంది. జుట్టు రెండు పక్కలకీ పాయ తీసి, మంచి వెలుతురులో, పిడుదు తల చర్మాన్ని తాకే చోటే, అంటే వీలైనంత అడుగున పట్టుకోండి. ఉబ్బిన పొట్టను మాత్రం పట్టుకోవద్దు. తర్వాత నిటారుగా, ఒకే బలంతో, నెమ్మదిగా పైకి లాగండి. చర్మం లేస్తుంది, ఫర్వాలేదు. అలాగే పట్టి ఉంచండి. కొన్ని క్షణాల్లో పట్టు సడలుతుంది. ఒక్క కుదుపుతో గుంజితే మూతి తెగి లోపలే ఉండిపోతుంది.

సవ్యంగా తిప్పాలా, అపసవ్యంగా తిప్పాలా అని కూడా కొందరు అడిగారు. పిడుదు మూతికి మరచుట్లు ఉండవు. ప్లక్కర్‌తో తీసేటప్పుడు ఎటూ తిప్పొద్దు. పిడుదులు తీయడానికే కొక్కెంలాంటి పరికరం ఒకటి దొరుకుతుంది. దాన్ని తిప్పి తీసేలా చేశారు కాబట్టి అది వాడితే దాని మీద రాసిన పద్ధతే పాటించండి.

బయటికొచ్చాక చర్మాన్ని సబ్బు నీళ్లతో కడిగి స్పిరిట్ గాని అయొడిన్ గాని అద్దండి. చేతులు కడుక్కోండి. పిడుదును గోళ్ల మధ్య పెట్టి చిదమడం చాలామందికి అలవాటు. మానేయండి. గోటి పక్కన చిన్న గీత ఉన్నా ఆ రసం లోపలికి పోవచ్చు. క్యాలెండర్‌లో తేదీ, కరిచిన చోటు రాసి పెట్టుకోండి. జ్వరం వస్తే డాక్టరు మొదట అడిగేది అదే. ఒకటి దొరికిందంటే ఇంకొకటి ఉండొచ్చు. బాబు తల వెంట్రుకలు, రెండు చెవుల వెనక, చంకలు, బొడ్డు, గజ్జలు, మోకాలి వెనక మడతలు చూడండి.

ప్రశ్న: పిడుదును తీశాను గాని నల్లచుక్క చర్మంలోనే ఉండిపోయింది. తల ఉండిపోతే అది మళ్లీ పెరుగుతుందంటున్నారు. నిజమా?

పెరగదు. ఉండిపోయింది సాధారణంగా మూతిభాగం మాత్రమే. శరీరం లేని మూతి బతకదు. ప్లక్కర్‌తో సులువుగా అందితే తీయండి. అందకపోతే వదిలేయండి. చర్మం పైకి పెరుగుతూ కొన్ని రోజుల్లో దాన్ని తనే నెట్టేస్తుంది, ముల్లు విరిగినప్పుడు జరిగినట్టే. సూది పెట్టి తవ్వేవాళ్లకే ఎక్కువగా చీము పడుతుంది. బఠాణీ గింజంత గడ్డలా కొన్ని వారాలు ఉండి తగ్గడం మామూలే. ఎరుపు రోజురోజుకీ పెరుగుతున్నా, చీము కారుతున్నా చూపించుకోండి.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు పది రోజులకోసారి పిడుదుల షాంపూతో స్నానం చేయిస్తున్నాం. ఆ రోజు రాలిపోతాయి. వారం తిరిగేసరికి మళ్లీ అన్నే. ఇప్పుడు గోడల మీద, కర్టెన్ల మీద కూడా పాకుతున్నాయి. షాంపూ మార్చమంటారా?

షాంపూ తప్పేం లేదు. దానికి చేతనైంది అది చేస్తోంది. ఆ రోజు ఒంటి మీదున్నవాటిని చంపుతుంది, కడిగేశాక దాని ప్రభావం దాదాపు ఏమీ మిగలదు. మీ ఇంట్లో పిడుదులు ఎక్కువగా ఉన్నది కుక్క మీద కాదు, ఇంట్లోనే.

ఇళ్లలో కుక్కల్ని పట్టి పీడించేది ముఖ్యంగా గోధుమరంగు కుక్క పిడుదు. దాని జీవితం తెలిస్తే మీ వారం లెక్క అర్థమవుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లుంటాయి, గసగసాలంత ఉంటుంది. అది కుక్కనెక్కి కొన్ని రోజులు రక్తం తాగి కిందపడి, సందులో దాక్కుని కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల నడిమి దశకు వస్తుంది. మళ్లీ ఎక్కుతుంది, తాగుతుంది, రాలుతుంది, కుబుసం విడుస్తుంది. పెద్దదై మూడోసారి ఎక్కుతుంది. ఆడది కడుపునిండా తాగి బూడిదరంగు గింజలా ఉబ్బి, రాలి, ఏదో ఒక పగులులో దూరి 4,000 దాకా గుడ్లు పెట్టి చస్తుంది. అంటే ఒక్కో పిడుదు జీవితంలో మూడుసార్లే కుక్క మీదికి వస్తుంది. మిగతా కాలమంతా గోడలోనే. వెచ్చటి వాతావరణంలో రెండు మూడు నెలల్లో ఒక తరం పూర్తవుతుంది. పెద్ద పిడుదు ఆహారం లేకుండా ఏడాదికి పైగా కూడా ఉండగలదు. ఊరెళ్లి నెలరోజులు ఇల్లు తాళం వేస్తే చచ్చిపోతాయన్న ఆశ అందుకే పెట్టుకోవద్దు.

ఈ రకానికి ఇంకో గుణం ఉంది. కడుపు నిండాక పైకి పాకుతుంది. కాబట్టి నేల తుడిస్తే చాలదు. గోడ, సీలింగ్ కలిసే మూల, తలుపు చట్రం వెనక, ఫొటో ఫ్రేముల వెనక, కర్టెన్ పైమడతలు, స్విచ్ బోర్డు అంచులు టార్చితో చూడండి. చిన్న గోధుమరంగు ముత్యాల్లా ముద్దగా అంటుకుని కనిపిస్తే అవి గుడ్లు.

చేయాల్సినవి రెండు, రెండూ ఒకేసారి మొదలవ్వాలి. ఒకటి: కుక్కకు నెల, అంతకన్నా ఎక్కువ కాలం పనిచేసే మందు. దాని సంగతి తర్వాతి జవాబులో చెప్పాం. అది వేశాక కుక్క ఇంట్లోనే తిరగాలి. ఆకలిగా ఉన్న పిడుదులు దాని మీదికెక్కి చస్తూ ఉంటాయి. ఇంట్లో ఉన్నవాటిని ఏరిపెట్టే పని కుక్కే చేస్తుందన్నమాట. వేరే ఇంటికి పంపేస్తే అవి మీ కోసం చూస్తాయి.

రెండోది ఇల్లు. కుక్క పరుపు గుడ్డలు 60 డిగ్రీల వేడి నీళ్లతో ఉతకండి. చల్లనీళ్లలో ఉతికితే పిడుదులు బతికే ఉంటాయి. పాత పరుపైతే పారేయడమే మేలు. వాక్యూమ్ క్లీనర్‌కు సన్నమూతి తగిలించి పగుళ్లు, స్కర్టింగ్ అంచులు, సోఫా సందులు, కుక్క గూడు మూలలు పీల్చండి. ఆ సంచిని వెంటనే మూతి కట్టి బయట పడేయండి. లోపల వదిలేస్తే పాకి వచ్చేస్తాయి. తర్వాత బీటలు పుట్టీతో పూడ్చండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల మిగతావన్నీ వృథా అయిన ఇళ్లు ఎక్కువ. ఆ పైన పెస్ట్ కంట్రోల్ వాళ్లతో డెల్టామెత్రిన్‌లాంటి మందు పగుళ్లలోకి, అంచుల వెంబడి కొట్టించండి. నేలంతా తడపడం కాదు, సందుల్లోకి వెళ్లాలి. తడి ఆరేదాకా పిల్లలు, కుక్క, పిల్లి బయటే ఉండాలి. చేపల తొట్టి ఉంటే పంపు ఆపి గట్టిగా కప్పండి, లేదా వేరే చోటికి మార్చండి. ఈ జాతి మందులు చేపలకు విషం.

స్ప్రే గుడ్లను చంపదు. అవి సుమారు మూడు వారాల్లో, చలికాలమైతే ఇంకా ఆలస్యంగా పగులుతాయి. అందుకే రెండు మూడు వారాల తర్వాత మళ్లీ కొట్టించాలి. రెండోసారి తప్పించుకుని డబ్బు మిగిల్చామనుకునేవాళ్లు మొదటిసారి పెట్టిన డబ్బు కూడా పోగొట్టుకున్నట్టే. మొత్తం మీద మూడు నాలుగు నెలలు పడుతుందని మనసులో పెట్టుకోండి. మొదటి నెలలో పిడుదులు కనిపిస్తే మందు పనిచేయలేదని కాదు.

ప్రశ్న: మాత్ర, మెడ మీద చుక్కల మందు, కాలర్ — ఏది మేలు? మాత్ర వేశాక కూడా ఒంటి మీద పిడుదు కనిపించింది. నకిలీదేమోనని అనుమానం.

మాత్ర మొదట. ఆఫాక్సోలానర్, సారోలానర్, లోటిలానర్ సుమారు నెల, ఫ్లూరాలానర్ 12 వారాలు పనిచేస్తాయి. నమలగలిగే బిళ్లలుగా వస్తాయి. ఇవి రక్తంలోకి వెళ్తాయి, పిడుదు కరిచి తాగితేనే దానికి మందు అందుతుంది. ఆ తర్వాత కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు చస్తుంది. అంటే మాత్ర వేసిన కుక్క మీద కూడా పిడుదు ఎక్కుతుంది, కనిపిస్తుంది. చూడాల్సింది అది ఉబ్బుతోందా లేదా అన్నది. పల్చగా, ఎండిపోయినట్టు, కాళ్లు ముడుచుకుని ఉంటే మందు పనిచేస్తోంది. మాత్ర వేసిన రెండు మూడు రోజుల తర్వాత కూడా కొత్తగా బూడిదరంగు గింజల్లా ఉబ్బినవి దొరుకుతుంటే మోతాదు చాలలేదు, లేదా కక్కేసింది, లేదా బరువు తప్పు.

బరువు తూచాకే కొనండి, కళ్లతో అంచనా వేయొద్దు. పెద్ద మాత్ర కొని రెండు కుక్కలకు చెరి సగం చేస్తే ఎవరికెంత వెళ్లిందో చెప్పలేం. ఫ్లూరాలానర్‌ను అన్నంతో పాటు గాని, తిన్న వెంటనే గాని ఇవ్వాలి, ఖాళీ కడుపున ఒంటికి సరిగా పట్టదు. రెండు గంటల్లోపు కక్కితే మళ్లీ వేయాలా అని మీ డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు ఈ కుటుంబం మందులు అడక్కుండా వేయకూడదు. వణుకు, తూలడం, ఫిట్స్ కొద్ది కుక్కల్లో కనిపించడంతో అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరిక ఇచ్చింది. అయితే చాలా కుక్కలకు ఏ ఇబ్బందీ లేదు. పిడుదులు నిండిన ఇంట్లో మా మొదటి సలహా మాత్రే.

చుక్కల మందుల్లో పాతది ఫిప్రోనిల్. ఇది చర్మం మీది నూనెలో కలిసి ఒళ్లంతా పాకుతుంది. స్నానం చేయించిన వెంటనే వేస్తే ఆ నూనే ఉండదు. స్నానానికి, మందుకి మధ్య అటు రెండు రోజులు, ఇటు రెండు రోజులు వదలండి. భుజాల ఎముకల మధ్య, నాకడానికి అందని చోట, వెంట్రుకలు పాయ తీసి చర్మం కనిపించాక దాని మీదే పిండాలి. బొచ్చు మీద కారిపోయిన మందు లెక్కలోకి రాదు. కొన్నిచోట్ల పిడుదులు దీనికి, పర్మెత్రిన్ అనే ఇంకో పిడుదుల మందుకు లొంగడం తగ్గింది.

ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూమెత్రిన్ కలిసిన కాలర్ 8 నెలల దాకా పనిచేస్తుంది. మెడకు, కాలర్‌కు మధ్య రెండు వేళ్లు దూరాలి. వదులుగా వేలాడదీస్తే మందు చర్మానికి అంటదు. తరచూ స్నానం చేయించే, ఈత కొట్టే కుక్కకు దాని ఆయుష్షు తగ్గుతుంది. ఎప్పుడూ నాకుతూ, కొరుకుతూ ఉండే పసిపిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో కాలర్ కన్నా మాత్రే నయం.

ప్రశ్న: కుక్కకు కొన్న చుక్కల మందు కొంచెం మిగిలితే పిల్లికి కూడా వేశాను. సాయంత్రానికి చెవులు వణుకుతున్నాయి, నడక తూలుతోంది.

ఈ ఉత్తరం చదివేసరికి ఆలస్యమై ఉంటుంది. కానీ ఇలా చేసేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాం. కుక్కల చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని చేసే ఎంజైము చాలా తక్కువ. అందుకే మందు లోపలే నిలిచి నరాల్ని రెచ్చగొడుతుంది. మొదట చెవులు, ముఖం అదరడం, తర్వాత ఒళ్లంతా వణుకు, జ్వరం, ఫిట్స్. ప్రాణం పోవచ్చు.

వెంటనే గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో మందు వేసిన చోటు కడగండి. వేడినీళ్లు వద్దు, చర్మం మందును ఇంకా పీల్చుకుంటుంది. బాగా చల్లనీళ్లు వద్దు, ఒళ్లు చల్లబడితే వణుకు పెరుగుతుంది. టవల్‌లో చుట్టి, మందు ప్యాకెట్ పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. ఫిట్స్ మొదలైతే కడగడం ఆపి ముందు బయల్దేరండి. సమయానికి చికిత్స అందిన పిల్లులు ఎక్కువగా రెండు మూడు రోజుల్లో కోలుకుంటాయి.

కుక్కకే వేసినా, రెండూ ఒకదాని మీదొకటి పడుకునే ఇంట్లో మందు పూర్తిగా ఆరేదాకా వాటిని విడిగా ఉంచాలి. నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పట్టించే అమిట్రాజ్ మందు పిల్లికి పనికిరాదు. కుందేళ్లుంటే ఫిప్రోనిల్ దగ్గరికి రానీయొద్దు. పిల్లి బొమ్మ ఉన్న ప్యాకెట్టే పిల్లికి.

ప్రశ్న: అమిట్రాజ్ 12.5 శాతం సీసా తెచ్చాను. బకెట్‌కు ఎన్ని మూతలు పోయాలి?

మూతల లెక్క వద్దు, సూది లేని సిరంజితో కొలవండి. 12.5 శాతం అంటే లీటరు మందులో 125 గ్రాములు అసలు పదార్థం. లీటరు నీళ్లకు 2 మి.లీ. కలిపితే 0.025 శాతం, 4 మి.లీ. కలిపితే 0.05 శాతం అవుతుంది. ఈ రెండింటిలో ఏది మీ కుక్కకు సరిపోతుందో సీసా మీద రాసి ఉంటుంది, డాక్టరు చీటీలో ఉంటుంది. అంతకు మించొద్దు. వేరే శాతం సీసా అయితే ఈ లెక్క పనికిరాదు.

ముందు మామూలు షాంపూతో మురికి వదలగొట్టి టవల్‌తో తుడవండి. చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే చోట, అప్పుడే కలిపిన నీళ్లతో స్పాంజితో మెడ నుంచి తోక దాకా, వేళ్ల సందులతో సహా చర్మం తడిసేలా తడపండి. కళ్లలోకి, చెవి రంధ్రంలోకి పోనీయొద్దు. తర్వాత కడగకూడదు, తుడవకూడదు, గాలికే ఆరాలి. ఆరేదాకా నాకకుండా మెడకు కోన్ తగిలించండి. కలిపిన నీళ్లు మిగిలితే రేపటికి దాచొద్దు, బలం పోతుంది. చెరువులోకీ పోయొద్దు. సీసాలో మందు త్వరగా అంటుకునే రకం, పొయ్యి దగ్గర పెట్టకండి.

ఆ రోజు కుక్క కాస్త మత్తుగా ఉండొచ్చు. లేవలేకపోతున్నా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నా, ఒళ్లు చల్లబడినా ఆస్పత్రికి తీసుకెళ్లండి, విరుగుడు ఇంజక్షన్ ఉంది. షుగర్ ఉన్న కుక్కకు, నాలుగు నెలల లోపు పిల్లలకు, ఒంటి మీద పుండ్లున్నవాటికి ఇది వాడొద్దు. ఈ మందు రక్తంలో చక్కెరను పెంచుతుంది కాబట్టి షుగర్ ఉన్న మనుషులు కూడా ఈ పని ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది.

నిజం చెప్పాలంటే, మాత్ర అందుబాటులో ఉన్నవాళ్లు ఈ తతంగం పెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: కుక్కపిల్లలకు ఐదు వారాలు. ఒంటి నిండా పిడుదులు, చిగుళ్లు తెల్లగా ఉన్నాయి.

చిగుళ్లు తెల్లబడ్డాయంటే రక్తం తగ్గిపోయింది. ఇవాళే డాక్టరుకు చూపించండి. రక్తం ఎక్కించాల్సి రావచ్చు. చాలా మాత్రలు 8 వారాల వయసు, కనీసం రెండు కిలోల బరువు దాటాకే. ఈలోగా పేల దువ్వెనతో దువ్వి, ప్లక్కర్‌తో తీసి సబ్బు నీళ్లలో వేయండి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి, చలికి తట్టుకోలేవు. తల్లికి, పడుకునే చోటుకీ చికిత్స చేయకపోతే పిల్లల మీద ఎంత ఏరినా తరగవు. పాలిచ్చే తల్లికి ఏ మందు వేయాలో డాక్టరే చెప్పాలి. వెల్లుల్లి పెడితే పిడుదులు పోతాయని ఎవరైనా చెబితే వినొద్దు. అది కుక్క ఎర్రకణాల్ని పగలగొడుతుంది, ఉన్న రక్తం కూడా పోతుంది.

ప్రశ్న: పిడుదులు పోయి నెలైంది. ఇప్పుడు కుక్క తిండి మానేసింది. నిన్న ముక్కులోంచి రక్తం వచ్చింది. పిడుదులకీ దీనికీ సంబంధం ఉందా?

ఉండే అవకాశం చాలా ఎక్కువ. కుక్క పిడుదు ఎర్లీకియా, బబేసియా అనే క్రిముల్ని అంటిస్తుంది. పిడుదు రాలిపోయినా క్రిమి లోపలే ఉంటుంది. ఎర్లీకియా తెల్లకణాల్లో చేరి ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. ముక్కునుంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, కంటి తెల్లగుడ్డులో రక్తపు మచ్చ వచ్చేది అందువల్లే. బబేసియా ఎర్రకణాల్ని పగలగొడుతుంది. చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. రెండూ కలిసి రావడమూ అరుదు కాదు. ఇంకొకటి, హెపటోజూన్, కరవడం వల్ల రాదు. కుక్క పిడుదును నోటితో కొరికి మింగితే వస్తుంది.

రక్తకణాల లెక్క, రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి చూసే పరీక్ష ముందు చేస్తారు. స్లైడులో క్రిమి కనిపించకపోతే జబ్బు లేదని కాదు, అవసరమైతే క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు వాడాలి. మూడో రోజుకే కుక్క లేచి తోక ఊపుతుంది, చాలామంది అక్కడితో మాత్రలు ఆపేస్తారు. అణగిన క్రిమి కొన్ని నెలల తర్వాత ఎముక మజ్జ దెబ్బతిన్నాక బయటపడితే అప్పుడు నిలబెట్టడం కష్టం. బబేసియాకు మందులు వేరు, ఇంజక్షన్లు ఉంటాయి. కాబట్టి పేరు తెలుసుకోకుండా డాక్సీ కొని వేసేయకండి. ముక్కునుంచి రక్తం కారుతున్న కుక్కకు మనుషుల నొప్పి మాత్రలు అసలు ఇవ్వొద్దు.

ప్రశ్న: మొన్న తోటలో పని చేశాక నడుం దగ్గర పిడుదు దొరికింది. ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ వేసుకోవాలా? రక్త పరీక్ష చేయించాలా?

ఒంట్లో ఏ బాధా లేకపోతే రెండూ అక్కర్లేదు. కరిచిన మర్నాడు చేసే రక్త పరీక్షలో ఏమీ తేలదు, యాంటీబాడీలు తయారవడానికే వారాలు పడుతుంది. 200 మి.గ్రా. డాక్సీసైక్లిన్ ఒక్క మోతాదు వేసే పద్ధతి ఉన్నమాట నిజమే. కానీ అది పిడుదు కాటుతో వచ్చే లైమ్ అనే బ్యాక్టీరియా వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో, దాన్ని మోసే రకం పిడుదు ఒకటిన్నర రోజుకు పైగా పట్టి ఉందని తెలిస్తే, తీసిన 72 గంటల్లోపు, డాక్టరు నిర్ణయిస్తే వేసేది. మిగతా పిడుదు జ్వరాలకు అది ముందు జాగ్రత్తగా పనికిరాదు.

మీరు చేయాల్సింది నెలరోజులు గమనించడం. లైమ్‌లో కరిచిన 3 నుంచి 30 రోజుల్లో ఎర్రటి మచ్చ మొదలై రోజూ పెద్దదవుతుంది. ఎక్కువగా నొప్పి, దురద ఉండవు. మొదటి రోజే వచ్చి రెండు రోజుల్లో తగ్గే రూపాయి బిళ్లంత ఎరుపు వేరు, అది కాటుకు వచ్చే అలర్జీ. పిడుదులు అంటించే రికెట్సియా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జ్వరాల్లో రెండు వారాల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, తర్వాత మణికట్టు, చీలమండల నుంచి మొదలయ్యే దద్దుర్లు వస్తాయి. కొన్ని రకాల్లో కరిచిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. ఆ పొక్కు చంకలోనో గజ్జల్లోనో ఉండి రోగికే తెలియకపోవచ్చు. జ్వరంతో వెళ్లినప్పుడు 'నన్ను పిడుదు కరిచింది' అని మీరే చెప్పండి. రికెట్సియా అనుమానం ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాలి, చిన్నపిల్లలకైనా సరే. ఆలస్యమైన ప్రతి రోజూ ప్రమాదమే.

యాంటీబయాటిక్‌లకు లొంగనివి కూడా ఉన్నాయి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవిలో బయటపడ్డ జ్వరం వైరస్ వల్ల వచ్చేది. అక్కడ కోతులు చచ్చిపడి ఉన్న చోటికి వెళ్లకూడదనే హెచ్చరిక అందుకే. కోతి చనిపోగానే దాని మీది పిడుదులు చుట్టూ రాలిపోతాయి.

జ్వరం లేకుండా కాళ్లు బలహీనపడి, ఆ బలహీనత గంటగంటకూ పైకి పాకుతుంటే, ముఖ్యంగా ఆడపిల్లల్లో, పొడవాటి జుట్టులో పిడుదు దాగి ఉందేమో వెతకాలి. దాని లాలాజలంలోని విషం నరాల్ని స్తంభింపజేస్తుంది. చాలా రకాల్లో పిడుదు తీసిన ఒకటి రెండు రోజుల్లో కాళ్లలో బలం తిరిగి వస్తుంది. అయినా ఆస్పత్రిలోనే ఉండాలి, ఊపిరి కండరాల దాకా పాకితే ప్రాణాపాయం.

ప్రశ్న: అడవి దారిలో నడకకు వెళ్తున్నాం. చెట్ల మీంచి పిడుదులు దూకుతాయంటున్నారు. టోపీ చాలా?

పిడుదు దూకదు, ఎగరదు. గడ్డి చివరికో పొద చివరికో ఎక్కి, ముందుకాళ్లు చాచి కాచుకుని ఉంటుంది. ఆ కాళ్ల కొసల్లోనే మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, ఒంటి వేడిని పసిగట్టే అవయవం ఉంది. మీరు రాసుకుంటూ పోతే పట్టుకుని పైకి పాకుతుంది. తల మీద దొరికిందంటే కాలి నుంచి ఎక్కిందన్నమాట. కాబట్టి రక్షణ కింది నుంచి మొదలవ్వాలి. ప్యాంటు అంచుల్ని సాక్సులోకి దోపండి, లేతరంగు బట్టలు వేసుకోండి, బాట నడిమి నుంచి నడవండి. బట్టలు కప్పని చర్మానికి పిడుదుల్ని దగ్గరికి రానీయని మందు, 20 నుంచి 30 శాతం డీట్ గాని, 20 శాతం పికారిడిన్ గాని రాయండి. 0.5 శాతం పర్మెత్రిన్ బట్టలకు, బూట్లకు మాత్రమే కొట్టి ఆరనివ్వాలి, చర్మానికి కాదు. పిల్లి ఉన్న ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు.

ఇంటికొచ్చిన రెండు గంటల్లోపు స్నానం చేసి ఒళ్లంతా తడిమి చూసుకోండి. బట్టలు ఉతకడానికి ముందే, పొడిగా ఉండగా డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పితే పిడుదులు చస్తాయి. తడిపాక అయితే చాలాసేపు పడుతుంది. వాటిని చంపేది ఆ ఎండబెట్టే వేడే. నల్లచుక్కల్లా వందల కొద్దీ పిల్ల పిడుదులు ఒకేసారి ప్యాంటుకు ఎక్కితే దులపకండి, వెడల్పు సెల్లోటేప్ జిగురు వైపు అద్ది ఎత్తేయండి.

ప్రశ్న: కుక్క పొట్ట మీద పిడుదు ఎంత లాగినా రావట్లేదు, కుక్క అరుస్తోంది.

ముందు అది పిడుదేనా చూడండి. మగకుక్కకు కూడా పొట్ట కింద రెండు వరసల్లో చనుమొనలు ఉంటాయి. వాటిని లాగి పుండు చేసిన కేసులు వస్తూనే ఉంటాయి. వెంట్రుకలు పక్కకు తీసి భూతద్దంతో అడుగు భాగం చూడండి. పిడుదైతే చర్మానికి ఆనుకున్న వైపు సన్నటి కాళ్లు కనిపిస్తాయి, చనుమొనకు, పులిపిరికి ఉండవు. ఎదురుగా రెండో పక్క అదే ఎత్తులో అలాంటిదే ఉంటే వదిలేయండి.

ప్రశ్న: తీసిన పిడుదుల్ని నీళ్ల గ్లాసులో వేస్తే మర్నాటికి కూడా కదులుతున్నాయి!

ఉత్త నీళ్లలో అవి రోజుల తరబడి ఉండగలవు. మూత గట్టిగా పట్టే సీసాలో స్పిరిట్ గాని, చిక్కటి సబ్బు నీళ్లు గాని పోసి అందులో వేయండి. ఒకటీ అరా అయితే సెల్లోటేప్ మడతలో ఇరికించి చెత్తలో పడేయండి, లేదా కమోడ్‌లో వేసి ఫ్లష్ చేయండి. మనిషిని కరిచినదాన్ని మాత్రం స్పిరిట్‌లో వేసి, తేదీ రాసి నెలరోజులు దాచండి. జ్వరం వస్తే అది ఏ రకమో చూడ్డానికి డాక్టరుకు పనికొస్తుంది.